గర్భనిరోధక హార్మోన్లు ఆపాక గర్భం కోసం ప్రయత్నం: ఏం వాడారన్న దగ్గర మొదలుపెట్టండి

"ఆపేశాను, ఇంకెన్నాళ్లకి నిలుస్తుంది?" అని ఎవరడిగినా, జవాబు చెప్పేముందు నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. ఏం వాడారు? రోజూ వేసుకునే మాత్రలా, మూడు నెలలకోసారి వేయించుకునే ఇంజెక్షనా, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంటా, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూపా? అన్నిటినీ కలిపి ఒకే మాటగా చెప్పుకుంటాం గానీ, ఆపిన తర్వాత శరీరం గాడిలో పడే తీరు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడంతో, ఇంజెక్షన్ మానేసిన అమ్మాయి మాత్రలు మానేసిన స్నేహితురాలితో తనని పోల్చుకుని నెలనెలా కుమిలిపోవడం చాలాసార్లు చూశాను. గైనిక్ ఓపీలో నర్సుగా, ఆ తర్వాత కుటుంబ నియంత్రణ కౌన్సెలర్‌గా నా ఉద్యోగమంతా ఈ ప్రశ్నల మధ్యే గడిచింది. నేను కూడా కొన్నేళ్లు మాత్రలు వాడి, ఆపాకే తల్లినయ్యాను. అందుకే ఇక్కడ రాసేవాటిలో నా ఉద్యోగం నేర్పినవీ ఉన్నాయి, నా శరీరం నేర్పినవీ ఉన్నాయి.

ముందు భయం సంగతి తేల్చుకుందాం. ఏళ్ల తరబడి మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరన్న మాట చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఈ మందులు చేసేది మూడు పనులు. అండం విడుదల కాకుండా చూస్తాయి, గర్భాశయ ముఖద్వారం దగ్గరి ద్రవాన్ని చిక్కబరుస్తాయి, గర్భసంచి లోపలి పొరను పలుచన చేస్తాయి. ఒక్కో పద్ధతిలో వీటిలో ఒక్కోటి ముఖ్యంగా పనిచేస్తుంది. మందు ఒంట్లోంచి పోయాక ఈ మూడూ ఆగిపోతాయి. వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, గర్భనిరోధకం ఆపిన వందమందిలో దాదాపు 83 మందికి ఏడాదిలోపు గర్భం వచ్చినట్టు తేలింది. ఎప్పుడూ ఏమీ వాడని దంపతుల్లోనూ ఇంచుమించు ఇంతే. రెండేళ్లు వాడారా, పదేళ్లు వాడారా అన్నదాన్ని బట్టి ఈ లెక్క మారదు. ఆపిన వెంటనే గర్భం వచ్చినా గర్భస్రావం గానీ, బిడ్డలో లోపాలు గానీ అందువల్ల పెరగవు.

ఈ లెక్కను మార్చేది వయసు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ అండాలు విడుదల కాలేదు కదా, అవన్నీ మిగిలే ఉంటాయని కొందరు అనుకుంటారు. అలా మిగలవు. మందు వాడినా వాడకపోయినా అండాశయంలో కొన్ని అండాలు ఎదగడం మొదలుపెట్టి మధ్యలోనే అంతరించిపోతూ ఉంటాయి, ఆ తరుగుదలను మాత్ర ఆపలేదు. ఇరవై ఆరేళ్లకు మొదలుపెట్టి ముప్పై ఆరేళ్లకు ఆపితే, అప్పుడు మీకున్నది ముప్పై ఆరేళ్ల అండాశయమే. పిల్లలు కావాలని ఉంటే ఎప్పుడు ఆపాలన్నది నిర్ణయించుకునేటప్పుడు ఈ విషయం తప్పక గుర్తుపెట్టుకోండి.

ఏది ఆపితే ఎంత సమయం

రోజూ వేసుకునే మాత్రల హార్మోన్ కొద్దిరోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది. కొందరికి ఆపిన రెండు వారాలకే అండం విడుదలవుతుంది, ఎక్కువమందికి నెల నుంచి మూడు నెలల్లో నెలసరి దారిలో పడుతుంది. ప్యాకెట్ మధ్యలో ఆపినా ప్రమాదమేమీ లేదు. పూర్తిచేసి ఆపితే బ్లీడింగ్ ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది, అంతే లాభం. ప్రొజెస్టిన్ అనే ఒక్క హార్మోనే ఉండే మినీ పిల్స్‌కి, యోనిలో పెట్టుకునే వెజైనల్ రింగ్‌కి కూడా దాదాపు ఇదే లెక్క. చర్మానికి అంటించుకునే ప్యాచ్‌కి కాస్త ఎక్కువ పట్టొచ్చు.

ఇంప్లాంట్ తీయించుకున్నాక వారం తిరిగేసరికి రక్తంలో ఆ హార్మోన్ దొరకనంతగా తగ్గిపోతుంది. చాలామందికి నెలలోపే అండం విడుదలవుతుంది. హార్మోన్ లూప్ పని ఎక్కువగా గర్భసంచి లోపలే. అది పెట్టుకున్న వాళ్లలో చాలామందికి అండం మామూలుగానే విడుదలవుతూ ఉంటుంది. నెలల తరబడి బ్లీడింగ్ లేకపోవడానికి కారణం లోపలి పొర పలుచబడటమే. తీయించుకున్న తర్వాతి నెలే గర్భం రావచ్చు. ఈ రెండిటినీ మాత్రం మీరే తీసుకునే ప్రయత్నం చేయొద్దు, క్లినిక్‌లోనే తీయించుకోవాలి.

ఇక ఇంజెక్షన్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గర ఎక్కువ కన్నీళ్లు పెట్టుకున్నది దీన్ని వాడినవాళ్లే. మూడు నెలలకోసారి వేసే డీఎంపీఏ ఇంజెక్షన్‌లోని మందు వేసినచోటే నిల్వ ఉండి కొంచెం కొంచెంగా రక్తంలోకి చేరుతుంది. మూడు నెలలు గడిచాయంటే గర్భం రాకుండా ఇచ్చే భరోసా ముగిసిందనే తప్ప, మందు మొత్తం పోయిందని కాదు. చివరి ఇంజెక్షన్ వేయించుకున్న రోజు నుంచి లెక్కవేస్తే, గర్భం రావడానికి సగటున తొమ్మిది పది నెలలు పడుతుంది. కొందరికి ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. ఎన్ని ఇంజెక్షన్లు వేయించుకున్నారన్నదానికీ ఈ ఆలస్యానికీ సంబంధం లేదు. ఇది శాశ్వతమూ కాదు. అందుకే ఏడాదిలో పిల్లలు కావాలనుకునేవాళ్లకు నేను ముందే చెప్తాను, తర్వాతి ఇంజెక్షన్ మానేసి మాత్రలకో కండోమ్‌కో మారండి, ఆ ఏడాది వృథా పోదు.

డెన్మార్క్, ఉత్తర అమెరికాల్లో దాదాపు పద్దెనిమిది వేలమందిని గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం కూడా దీన్నే బలపరిచింది. గర్భం వచ్చే అవకాశం మామూలు స్థాయికి చేరడానికి లూప్, ఇంప్లాంట్ ఆపినవాళ్లకు సుమారు 2 నెలసరులు, మాత్రలు, రింగ్ ఆపినవాళ్లకు 3, ప్యాచ్ ఆపినవాళ్లకు 4, ఇంజెక్షన్ ఆపినవాళ్లకు 5 నుంచి 8 నెలసరులు పట్టాయి. ఆ తర్వాత అందరూ సమానమే.

ఆపకముందే చేయాల్సినవి

ఫోలిక్ యాసిడ్ ముందు మొదలుపెట్టండి, గర్భనిరోధకం తర్వాత ఆపండి. ఈ క్రమం నేను పట్టుబట్టి చెప్తాను. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం మొదలైన నాలుగు వారాల్లో మూసుకుపోతుంది. నెల తప్పిందని గమనించి, కిట్ తెచ్చి, డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే ఆ పని దాదాపు పూర్తయిపోతుంది. అందుకే కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి, గర్భం వచ్చాక పన్నెండు వారాల దాకా కొనసాగించాలి. ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టి ఉన్నా, మీకు షుగర్ ఉన్నా, మూర్ఛకు మందులు వాడుతున్నా ఈ మోతాదు సరిపోదు. మీకు దీనికి పదింతల దాకా కావాల్సి రావచ్చు, అది డాక్టరే రాయాలి.

మీరు వాడే ప్రతి మందు పేరూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, మూర్ఛకు, మూడ్ సమస్యలకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, కీళ్ల జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్, కొన్ని బీపీ మందులు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. వీటిలో కొన్నిటిని వాడేటప్పుడే గర్భం రాకుండా హార్మోన్ మాత్రలు కలిపి రాస్తారు. అలాంటప్పుడు ఆ మాత్రలు ముందు ఆపేయడం ప్రమాదం. అలాగని మూర్ఛ మందును మీ అంతట మీరు ఆపడం కూడా అంతే ప్రమాదం. డాక్టరు ముందుగా ఆ మందు మారుస్తారు, గర్భనిరోధకం ఆపేది ఆ తర్వాతే. రుబెల్లా, చికెన్‌పాక్స్‌కి రక్షణ ఉందో లేదో కూడా ఇప్పుడే చూపించుకోండి. ఆ టీకాలు గర్భంతో ఉన్నప్పుడు వేయరు, వేయించుకున్నాక ఒక నెల గర్భం రాకుండా ఆగాలి.

మొదటి బ్లీడింగ్ నెలసరి కాదు

మాత్రలు ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో బ్లీడింగ్ అవుతుంది. చాలామంది దాన్ని నెలసరిగా రాసుకుని, అక్కడ నుంచి పద్నాలుగో రోజు కోసం ఎదురుచూస్తారు. ఆ బ్లీడింగ్ హార్మోన్ అందడం ఆగినందువల్ల వచ్చింది. మాత్రలు వాడినన్నాళ్లూ నెలనెలా సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకు వచ్చింది కూడా అలాంటిదే. అది ప్యాకెట్‌కి ఉన్న లెక్క, మీ శరీరానిది కాదు. మీదైన నెలసరి ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకు వస్తుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది.

ఫోన్‌లో నెలసరి యాప్ వాడేవాళ్లు దీన్ని బాగా పట్టించుకోవాలి. మాత్రలు వాడిన నెలల తేదీలు అందులో ఉంటే వాటిని తీసేయండి. లేకపోతే ఆ యాప్ ప్యాకెట్ లెక్కతో మీ అండం తేదీ చెప్పి, అసలు రోజులు దాటిపోయేలా చేస్తుంది. నేను కౌన్సెలింగ్‌లో ఫోన్ తీసి చూపించమని అడిగేది ఇందుకే. కొత్తగా మొదటి నిజమైన నెలసరి నుంచి రాయండి.

మూడు నెలలు ఆగి ప్రయత్నించాలని పూర్వం చెప్పేవారు. ఒంట్లో మందు ఉండిపోయి బిడ్డకు హాని చేస్తుందన్న భయంతో అయితే ఆగనవసరం లేదు. ఒక్క నెలసరి వచ్చేదాకా కండోమ్ వాడితే ప్రసవ తేదీ లెక్కగట్టడం తేలికవుతుంది, ఉన్న లాభం అది ఒక్కటే. మీకు వయసు ముప్పై ఐదు దాటితే ఆ నెల కూడా ఆగొద్దని నా సలహా.

మాత్రలు కప్పిపెట్టినవి బయటికి వచ్చే సమయం కూడా ఇదే. మొటిమలు, జుట్టు రాలడం, రెండు మూడు రోజులు కదలనివ్వని కడుపునొప్పి, ఎక్కువ బ్లీడింగ్ మళ్లీ మొదలైతే, మాత్రలు ఆపడం వల్ల కొత్త జబ్బు వచ్చిందనుకోవద్దు. మాత్రలు వాడకముందు ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి. చాలాసార్లు అదే తిరిగొస్తుంది. నాకు మాత్రలు రాసిందే నెలసరి సరిగా రాకపోవడం వల్ల. వాడినన్నాళ్లూ క్రమం తప్పలేదు. ఆపాక పాత పద్ధతే తిరిగొచ్చింది, ఒక్కోసారి నెలన్నర దాటేది. నాకున్నది పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం క్రమంగా విడుదల కాని సమస్య. మాత్ర దాన్ని నయం చేయలేదు, కనబడకుండా ఉంచింది. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం వల్ల నేను మాత్రలను తిట్టుకుంటూ కూర్చోలేదు, త్వరగా డాక్టరు దగ్గరికి వెళ్లాను.

అండం విడుదలయ్యే రోజులు పట్టుకోవడం

అండం విడుదలయ్యాక బతికేది ఒక రోజులోపే. వీర్యకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, ఈ ఆరు రోజుల్లో జరిగిన కలయిక వల్లే గర్భం వస్తుంది. ఆ ఆరింటిలోనూ విడుదలకు ముందు రెండు రోజులు, విడుదలైన రోజు అన్నిటికన్నా మంచివి. అండం విడుదలైందని ఖాయమయ్యాక కలుద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం.

పద్నాలుగో రోజు అనేది ఇరవై ఎనిమిది రోజుల నెలసరి ఉన్నవాళ్లకే. అండం విడుదల నుంచి తర్వాతి నెలసరి దాకా సుమారు రెండు వారాలు పడుతుంది, ఈ భాగం పెద్దగా మారదు. మారేది ముందు భాగం. అందుకే ముప్పై ఐదు రోజులకు నెలసరి వచ్చేవాళ్లకు ఇరవై ఒకటో రోజు చుట్టుపక్కల, నలభై రోజులకు వచ్చేవాళ్లకు ఇరవై ఆరో రోజు దగ్గర అండం విడుదలవుతుంది. మాత్రలు ఆపిన మొదటి రెండు మూడు నెలల్లో ఈ లెక్క కుదరకపోవచ్చు, ఒక నెల ముప్పై రోజులు, ఇంకో నెల నలభై రోజులు రావచ్చు. అప్పుడు క్యాలెండర్‌ని నమ్మకుండా శరీరం ఇచ్చే గుర్తులు చూడాలి.

ఆ గుర్తుల్లో అన్నిటికన్నా పనికొచ్చేది, ఖర్చులేనిది డిశ్చార్జ్. నెలసరి అయ్యాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగటగా, తెల్లగా మారుతుంది. అండం విడుదల దగ్గరపడేకొద్దీ పల్చగా, పారదర్శకంగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే తెగకుండా సాగే రోజులే మీకు కావాల్సిన రోజులు. మళ్లీ చిక్కబడిందంటే ఆ నెలకు అవకాశం దాటిపోయినట్టే. మాత్రలు వాడేవాళ్లకు ఏళ్ల తరబడి ఈ మార్పు కనిపించదు కాబట్టి, ఆపాక మొదటిసారి చూసి ఇన్ఫెక్షన్ అని కంగారుపడి వచ్చేవాళ్లూ ఉన్నారు. దురద, మంట, దుర్వాసన లేకపోతే అది ఆరోగ్యమే. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు గమనించి, రాత్రి పడుకునేముందు నోట్‌బుక్‌లో పొడి, జిగట, సాగేది అని ఒక్క మాట రాసుకోవడం నా అలవాటు. కొన్ని నెలలు గడిచేసరికి తేదీ చూడకుండానే నా శరీరం ఎక్కడుందో తెలిసేది.

ఓవ్యులేషన్ కిట్ మూత్రంలో ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరగడాన్ని పట్టుకుంటుంది. పెరిగిన తర్వాత ఒకటి నుంచి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. మీ నెలసరి రోజుల్లోంచి పదిహేడు తీసేస్తే పరీక్ష మొదలుపెట్టాల్సిన రోజు వస్తుంది, అంటే ఇరవై ఎనిమిది రోజుల వాళ్లు పదకొండో రోజు నుంచి. నెలనెలా మారుతుంటే మీ అతి తక్కువ రోజుల నెలను లెక్కలోకి తీసుకోండి. పరీక్షకు ముందు ఎక్కువ నీళ్లు తాగితే మూత్రం పలచబడి గీత సరిగా కనిపించదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండొచ్చు, అండం విడుదల కాకుండానే కిట్ అవునని చూపిస్తుంది. ఆ కారణంగానే నేను కిట్‌ని ఒంటరిగా నమ్మలేదు.

పొద్దున్నే మంచం దిగకముందు టెంపరేచర్ చూసుకునే పద్ధతి కూడా ఉంది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి, నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. అది జరిగిపోయాక చెప్పే కబురు. అండం విడుదల అవుతోందా లేదా తెలుసుకోవడానికి మంచిదే గానీ, ఏ రోజు కలవాలో చెప్పలేదు. నిద్ర సరిగా లేని వాళ్లకు, నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు కుదరదు కూడా.

ఇదంతా టెన్షన్ అనిపిస్తే అన్నీ పక్కన పెట్టేయండి. రెండు మూడు రోజులకోసారి నెలంతా కలుస్తూ ఉంటే చాలు, ఆ ఆరు రోజులు ఎప్పుడు వచ్చినా వీర్యకణాలు లోపల సిద్ధంగా ఉంటాయి. నెలసరి క్రమంగా రాని వాళ్లకు నేను ముందు చెప్పేది ఈ మార్గమే. రోజూ కలిసినా నష్టం లేదు. కలిశాక కాళ్లు పైకి పెట్టుకుని పడుకోనక్కర్లేదు, ఎలా కలవాలన్న నియమమూ లేదు. లూబ్రికెంట్ అవసరమైతే మాత్రం గర్భం కోసం ప్రయత్నించేవాళ్లకు సరిపోతుందని రాసి ఉన్నదే తీసుకోండి, మామూలువాటిలో చాలా రకాలు, ఉమ్మి కూడా, వీర్యకణాల కదలికను తగ్గిస్తాయి.

నెలసరి రాకపోతే

మొదట చేయాల్సింది ప్రెగ్నెన్సీ టెస్ట్. మాత్రలు ఆపాక మొదటి నెలసరి రాకముందే గర్భం వచ్చే అవకాశం నిజంగానే ఉంది. తేదీ ఏదీ తెలియనప్పుడు, చివరిసారి కలిసిన రోజు నుంచి మూడు వారాలు గడిచాక చేసిన టెస్ట్‌ని నమ్మొచ్చు. అంతకుముందే చేసి లేదని వస్తే అది తీర్పు కాదు.

టెస్ట్ నెగటివ్, మాత్రలు ఆపి మూడు నెలలు, నెలసరి జాడ లేదు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఏడాది ఆగకండి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, అండాశయాన్ని నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రక్త పరీక్షలు, ఒక స్కాన్ రాస్తారు. ఈ మధ్య బాగా బరువు తగ్గారా, వ్యాయామం మరీ ఎక్కువ చేస్తున్నారా అని కూడా అడుగుతారు. దాచకుండా చెప్పండి, శరీరానికి తిండి చాలనప్పుడు మెదడు అండం విడుదలకు ఇచ్చే సంకేతాన్నే ఆపేస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందే ఆ సంగతి చెప్పండి. ఎక్కువ మోతాదులో అది థైరాయిడ్‌తో పాటు కొన్ని హార్మోన్ పరీక్షల ఫలితాలను తప్పుగా చూపిస్తుంది.

ఏఎంహెచ్ పరీక్ష గురించి ఒక మాట. అండాల నిల్వను అంచనా వేసే ఈ పరీక్ష, మాత్రలు వాడుతున్నప్పుడు చేయిస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ కాగితం చూసి ఏడ్చిన అమ్మాయి నాకు ఇప్పటికీ గుర్తుంది. మాత్రలు ఆపి కొన్ని నెలలయ్యాక చేసిన పరీక్షలో అంకె పెరిగింది. పైగా ఈ నెల సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది ఏఎంహెచ్ చెప్పలేదు.

పీసీఓఎస్ అని తేలితే అది దారి మూసుకుపోవడం కాదు. బరువు ఎక్కువున్నవాళ్లకు ఉన్న బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా అండం విడుదల మళ్లీ మొదలవొచ్చు. అది చాలకపోతే అండం విడుదలకు లెట్రోజోల్ లాంటి మాత్రలు ఉన్నాయి, నెలసరి మొదట్లో ఐదు రోజులు వాడతారు. నాకు పనిచేసింది అదే.

ఆయన సంగతి

పిల్లలు కలగకపోవడానికి కారణాలు వెతికితే, దాదాపు సగం జంటల్లో మగవారి వైపు కూడా ఏదో ఒకటి కనిపిస్తుంది. అయినా మాత్రలు ఆపిన అమ్మాయి ఒక్కతే అన్ని పరీక్షలూ చేయించుకుంటూ తిరగడం నాకు బాధ కలిగిస్తుంది. వీర్య పరీక్ష తేలికైనది, నొప్పి లేనిది, చాలా విషయాలు ఒక్కసారే తేల్చేస్తుంది. రెండు నుంచి ఐదు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే సరిపోతుంది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి సిగరెట్ మానడం, మద్యం తగ్గించడం, ఒళ్లో వేడి ల్యాప్‌టాప్ పెట్టుకోకపోవడం మీరు మాత్రలు ఆపకముందే మొదలుపెడితే మీ నెలసరి గాడిలో పడేసరికి ఫలితం ఉంటుంది. కండలు పెంచడానికి టెస్టోస్టిరాన్ గానీ స్టెరాయిడ్లు గానీ తీసుకుంటుంటే వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. బయటి నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని పూర్తిగా ఆపేయగలదు.

ఎప్పటిదాకా ఆగాలి

ముప్పై ఐదేళ్లలోపు వాళ్లు, నెలసరి క్రమంగా వస్తుంటే, ఏడాది ప్రయత్నించాక పరీక్షలకు వెళ్లాలి. ముప్పై ఐదు దాటితే ఆరు నెలలు. నలభై దాటితే ప్రయత్నం మొదలుపెట్టే రోజే వెళ్లండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), ఇంతకుముందు గర్భసంచిలో లేదా అండం ప్రయాణించే ట్యూబుల్లో ఇన్ఫెక్షన్, ట్యూబులో గర్భం, కీమోథెరపీ లాంటివి ఉంటే వయసుతో పనిలేదు, ముందే వెళ్లండి. ఇంజెక్షన్ వాడినవాళ్లు చివరి ఇంజెక్షన్ తేదీ తప్పక చెప్పాలి. ఆ తేదీ చెప్పకపోతే, మందు ఇంకా ఒంట్లో ఉండగానే మీకు అక్కర్లేని పరీక్షలూ మందులూ మొదలవొచ్చు.

ఆరోగ్యంగా ఉన్న జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగైదింట ఒకటి మాత్రమే. మూడు నెలలు రాలేదంటే ఏదో చెడిందని కాదు. ఇంట్లోవాళ్లు, బంధువులు నెలనెలా అడుగుతుంటే, "డాక్టరు ఏడాది సమయం చెప్పారు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి, అది అబద్ధం కూడా కాదు. తేదీలు చూసుకుని కలవడం ఇద్దరికీ భారమైతే ఒక నెల కిట్లన్నీ అలమరలో పెట్టేయండి. ఆ నెల అవకాశం అలా పెట్టేసినంత మాత్రాన పోదు.

పాజిటివ్ వచ్చాక

ఫోలిక్ యాసిడ్ ఆపకండి. హార్మోన్ మాత్రలు వేసుకుంటూనో లూప్ లోపల ఉండగానో గర్భం వచ్చిందని తెలిస్తే, మాత్రలైతే ఆపేయండి, అప్పటిదాకా వేసుకున్నవాటివల్ల బిడ్డకు హాని జరిగిందని భయపడనక్కర్లేదు. లూప్ అయితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే లూప్ ఉండగా వచ్చిన గర్భం ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. ఎవరికైనా సరే పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, బ్లీడింగ్, భుజం కొనన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఎమర్జెన్సీకి వెళ్లండి, మర్నాటిదాకా ఆగొద్దు.

మాత్రలు ఆపాక ఒక్క నెలసరి కూడా రాకుండా గర్భం వచ్చినవాళ్లు, చివరి నెలసరి తేదీ అడిగినప్పుడు ఆ మొదటి బ్లీడింగ్ తేదీ మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. ఏ రోజు మాత్రలు ఆపారో, ఎప్పుడు బ్లీడింగ్ అయిందో, ఆ తర్వాత నెలసరి రాలేదనీ చెప్పండి. పద్నాలుగు వారాల్లోపు చేసే స్కాన్‌లో శిశువు పొడవు కొలిచి వయసు కట్టి, ప్రసవ తేదీ దాన్నిబట్టి ఇస్తారు. ఆ స్కాన్ తేదీనే తర్వాత ప్రతి చెకప్‌లోనూ లెక్కలోకి తీసుకోమని అడగండి.